నాడి అందని రోగము

నాడి చూచి రోగమును నిర్ణయించుట మన వైద్యమున తరతరములుగా వచ్చుచున్న పద్ధతి. పురుషునకు కుడిచేయి, స్త్రీకి ఎడమచేయి చూచుట ఆచారము. యాదృచ్ఛికమే కావచ్చును గాని, స్త్రీల ఎడమచేతి నాడియే తరచుగా క్షీణించు రోగమొకటి కలదు. దానికి తకయాసు వ్యాధి యని పేరు. 1908లో జపాను నేత్రవైద్యుడు మికిటో తకయాసు ఒక యువతి కంటిలోపలి రక్తనాళములు దండవలె అల్లుకొనియుండుటను సభలో వివరించెను. ఆ సభలోనే మరి ఇరువురు వైద్యులు ఇట్టి రోగులకు మణికట్టున నాడి అందలేదని తెలిపిరి.

బృహద్ధమనియు దాని పెద్ద శాఖలును వాచి, గోడలు దళసరియై, లోపలి దారి ఇరుకగుట ఈ వ్యాధి స్వభావము. మూలకారణము నేటికిని తేలలేదు. సాధారణముగా నలువదేండ్లలోపు స్త్రీలకు వచ్చును, పురుషులకును రాకపోదు.

చిక్కంతయు ఆరంభదశలోనే యున్నది. సన్నజ్వరము, నిస్త్రాణ, కీళ్లనొప్పులు, బరువు తగ్గుట అనేక రోగములకు సామాన్యములు. క్షయ యని కొందరు, రక్తహీనత యని కొందరు, మనోవ్యాకులత యని మరికొందరు తేల్చుదురు. బట్టలు పిండునపుడు చేయి లాగుచున్నదని ఇల్లాలు చెప్పినచో ఇంటివారు అలసట యందురు. పనిలో పుట్టి, విశ్రాంతితో తగ్గి, మరల పనిలోనే వచ్చు నొప్పి రక్తము చాలకపోవుటకు గుర్తు కావచ్చును.

అంతకంటె మోసకరమైనది రక్తపుపోటు. మూత్రపిండముల ధమని ఇరుకైనచో పోటు హెచ్చును. మన దేశపు రోగులలో ఇది తరచు కనబడును. కాని ఇరుకైన ధమనిగల చేతికి పట్టీ చుట్టినచో అంకె తక్కువగా వచ్చును. ఆమెకు పోటు లేదని పంపివేయుదురు. లోపల గుండె, మెదడు, మూత్రపిండములు చెడుచుండును. గర్భిణికి ఈ పొరపాటు ప్రాణాంతకమే కావచ్చును. రెండు చేతులను, అవసరమైనచో కాళ్లను చూచుటకు పట్టునది కొన్ని నిమిషములే. 1990లో అమెరికా కీళ్లవాత వైద్యసంఘము ఈ వ్యాధికి పేర్కొనిన ఆరు లక్షణములలో రెండు చేతుల పోటునకు 10 మి.మీ. మించిన భేదము ఒకటి.

చికిత్స దీర్ఘకాలము. ప్రెడ్నిసొలోను వాపు నణచును గాని ముఖము నుబ్బించును. పెండ్లికెదిగిన పిల్ల రూపు మారెనని పెద్దలు ఆ మాత్రలను హఠాత్తుగా మానిపించుట మిక్కిలి అపాయకరము. మెతొట్రెక్సేటు వాడు స్త్రీ గర్భము కోరినచో ముందుగానే వైద్యునకు చెప్పవలెను. ఏ అవయవమున చూచిన నిజమైన పోటు తెలియునో చీటీపై వ్రాయించి దగ్గర నుంచుకొనుట మేలు. ఊరు మారి, ఆసుపత్రిలో కన్నడమో, తమిళమో, ఒరియాయో వినవచ్చుచోటనైనను ఆ చీటీ పనికివచ్చును.