రోడ్ బైక్ వెనుక చక్రంలో టకటక శబ్దమా? క్యాసెట్ మార్చే ముందు ఇవి చూడండి

లక్షలు పోసి కొన్న రోడ్ బైక్ చప్పుడు లేకుండా మెత్తగా పోవాలి. అది వెనుక నుంచి టిక్ టిక్ అనో, కిర్రుకిర్రుమనో మొదలుపెడితే తొక్కే కుర్రాడికే కాదు, కొనిచ్చిన అబ్బాకు కూడా పరేషానే. షాపుకు తీసుకెళ్తే చాలాసార్లు వినిపించే మాట ఒకటే: "క్యాసెట్ పోయింది, మార్చాలి." ఖరీదైన బైకుల్లో ఆ ఒక్క భాగానికే వేలకు వేలు అవుతాయి.

కానీ వెనుక నుంచి వచ్చే ప్రతి శబ్దం క్యాసెట్‌ది కాదు. క్యాసెట్‌దే అయినా, శుభ్రం చేసి సరిగ్గా బిగిస్తే చాలాసార్లు పోతుంది. అలాగని "శబ్దమే కదా" అని వదిలేయడమూ మంచిది కాదు. వాటిలో కొన్ని పడిపోయే ప్రమాదానికి ముందస్తు హెచ్చరికలు. ఏది ఏమిటో తెలుసుకుంటే డబ్బూ మిగులుతుంది, ఒళ్లూ క్షేమంగా ఉంటుంది.

క్యాసెట్ అంటే ఏమిటి?

పాత సైకిళ్లలో ఫ్రీవీల్ మరలతో హబ్‌కు బిగిసి ఉంటుంది. ఇప్పటి రోడ్ బైకుల్లో అలా కాదు. వెనుక వరుసగా ఉండే 11 లేదా 12 పళ్ల చక్రాల కట్టనే క్యాసెట్ అంటారు. హబ్‌కు కుడివైపు ఫ్రీహబ్ అనే గొట్టం ఉంటుంది. దాని మీదున్న గాడుల్లోకి క్యాసెట్ జారి కూర్చుంటుంది. చివర్లో లాక్‌రింగ్ అనే మర బిళ్ల పెట్టి బిగిస్తారు.

ఖరీదు ఎక్కువైతే చప్పుడు తక్కువ అనుకోవద్దు. బరువు తగ్గించడానికి పెద్ద చక్రాలను తేలికపాటి చట్రానికి రివెట్లతో బిగిస్తారు. ఆ రివెట్ల దగ్గర దుమ్ము చేరినా, కాస్త వదులైనా కిర్రుమంటుంది. షిమానో డ్యూరా ఏస్‌లో కొన్ని పెద్ద చక్రాలు టైటానియంతో చేసినవి. స్రామ్ రెడ్ క్యాసెట్‌లో ఎక్కువ భాగాన్ని ఒకే ఉక్కు దిమ్మ నుంచి చెక్కుతారు, లోపల డొల్లగా ఉంటుంది. డొల్ల వస్తువు డప్పులా చప్పుడును పెంచుతుంది. అందుకే 2012లో వచ్చిన రెడ్ క్యాసెట్‌లో శబ్దం తగ్గించడానికి చక్రాల మధ్య రబ్బరు లాంటి రింగులు పెట్టారు. లోతైన కార్బన్ రిమ్ములు ఉంటే చిన్న శబ్దం కూడా పెద్దగా వినిపిస్తుంది.

ముందు చెవి పెట్టండి

పానా పట్టుకునే ముందు, శబ్దం ఎప్పుడు వస్తుందో గమనించండి. సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

• తొక్కడం ఆపి బండిని వదిలినప్పుడు మాత్రమే టకటక వస్తే అది ఫ్రీహబ్ లోపలి పళ్ల చప్పుడు. ఇది మామూలే. కొన్ని కంపెనీల హబ్బులు గట్టిగానే మోగుతాయి.

• పెడల్ ఒక చుట్టు తిరిగినప్పుడల్లా ఒకసారి వస్తే వెనుక కాదు, పెడల్, క్రాంక్ వైపు చూడాలి.

• తొక్కకపోయినా చక్రం తిరిగినప్పుడల్లా వస్తే స్పోకులు, బ్రేక్ డిస్క్ చూడాలి.

• సుమారు రెండు చుట్లకోసారి "టక్" అంటే చైన్‌లో ఒక లింకు బిగుసుకుపోయి ఉండొచ్చు. లెక్క తేలికే. ముందు 50 పళ్లు, చైన్‌లో 110 లింకులు ఉన్నాయనుకుంటే, చైన్ పూర్తిగా తిరిగి రావడానికి రెండు చుట్లకు కాస్త ఎక్కువ పడుతుంది.

• ఒకటి రెండు గేర్లలోనే వస్తే గేర్ సర్దుబాటు తప్పింది.

• లేచి నిలబడి గట్టిగా తొక్కినప్పుడు మాత్రమే కిర్రుమంటే అప్పుడు క్యాసెట్‌ను అనుమానించాలి.

ఒక మాట గుర్తుంచుకోండి. ముందు పెద్ద చక్రం మీద, వెనుక కూడా అన్నిటికన్నా పెద్ద చక్రం మీద చైన్ ఉంటే అది వంకరగా నడుస్తుంది. ఆ గరగర జబ్బు కాదు, గేర్ మారిస్తే పోతుంది.

గేర్ సర్దుబాటు, హ్యాంగర్

కేబుల్ గేర్లు అయితే కేబుల్ కొన్నాళ్లకు సాగుతుంది. వెనుక నుంచి చూస్తూ, పెద్ద చక్రం ఎక్కడానికి చైన్ మొరాయిస్తే కేబుల్ దగ్గరి సర్దుబాటు మరను ఎడమవైపుకు, చిన్న చక్రానికి దిగడానికి మొరాయిస్తే కుడివైపుకు పావు చుట్టు తిప్పి చూడండి. ఒకేసారి ఎక్కువ తిప్పొద్దు. ఎలక్ట్రానిక్ గేర్లకు ఇదే పని బటన్లతో చేయొచ్చు. అన్నిటికన్నా పెద్ద చక్రం మీద మాత్రమే గరగరలాడితే, గేర్ మార్చే యంత్రం పై చిన్న చక్రం క్యాసెట్‌కు తగులుతోందేమో చూడండి. ఆ ఎడం పెంచడానికి వేరే స్క్రూ ఉంటుంది.

ఎంత సర్దినా ఒక గేర్ కుదిరితే ఇంకోటి చెడుతోందా? అయితే హ్యాంగర్ వంగి ఉండొచ్చు. గేర్ యంత్రాన్ని ఫ్రేముకు పట్టి ఉంచే చిన్న అల్యూమినియం ముక్క ఇది. బండి కుడివైపు ఒక్కసారి పడ్డా, కారులో వేసి తెచ్చినప్పుడు ఒత్తిడి పడ్డా వంగిపోతుంది. దీన్ని నిర్లక్ష్యం చేయొద్దు. పెద్ద గేర్ వేసినప్పుడు యంత్రం స్పోకుల్లో ఇరుక్కుంటే వెనుక చక్రం ఒక్కసారిగా ఆగిపోతుంది. హ్యాంగర్‌ను సరిచేసే కొలత పరికరం మంచి షాపుల్లో ఉంటుంది. దాని ఖర్చు క్యాసెట్ ఖరీదు ముందు ఏమీ కాదు.

చైన్ అరిగిందా?

దీనికి ఇంట్లోని స్టీల్ స్కేలు చాలు. కొత్త చైన్‌లో ఒక పిన్ను నుంచి 24 లింకుల అవతలి పిన్ను దాకా సరిగ్గా 12 అంగుళాలు ఉంటుంది. అది అంగుళంలో 16వ వంతు పెరిగిందంటే చైన్ అర శాతం సాగినట్టు. 11, 12 గేర్ల బండికి అప్పుడే చైన్ మార్చేయాలి. మార్చకుండా తొక్కితే సాగిన చైన్ క్యాసెట్ పళ్లను కూడా అరగదీస్తుంది. ఆ తర్వాత కొత్త చైన్ వేసినా పళ్ల మీద జారుతుంది. ఎత్తు ఎక్కుతూ నిలబడి తొక్కేటప్పుడు చైన్ జారితే మనిషి ముందుకు పడిపోవడం ఖాయం. అప్పుడు మాత్రం క్యాసెట్ నిజంగానే మార్చాలి.

క్యాసెట్టే కదులుతోందా?

చక్రాన్ని గట్టిగా పట్టుకుని పెద్ద పళ్ల చక్రాన్ని చేత్తో అటూ ఇటూ కదపండి. పళ్ల చక్రాలు ఒకదానికొకటి కదిలితే లాక్‌రింగ్ వదులైంది. లాక్‌రింగ్ గట్టిగానే ఉండి మొత్తం కట్ట ఊగితే ఫ్రీహబ్ బేరింగులు అరిగి ఉండొచ్చు.

విప్పడానికి లాక్‌రింగ్ పానా, చైన్ ముక్క ఉన్న పట్టుకడ్డీ కావాలి. అన్నీ విప్పాక వరుస మారకుండా ఒక తీగకు గుచ్చి పెట్టుకోండి. గుడ్డతో తుడిచి, ఫ్రీహబ్ గాడుల మీద, లాక్‌రింగ్ మరల మీద పలుచగా గ్రీజు రాయండి. అల్యూమినియం ఫ్రీహబ్ మీద ఉక్కు చక్రాలు కొరికిన గాట్లు ఉంటాయి. చిన్నవైతే ఆకురాయితో సరిచేయొచ్చు, లోతుగా ఉంటే ఫ్రీహబ్ మార్చాలి.

షిమానో క్యాసెట్‌కు లాక్‌రింగ్ బిగింపు 40 న్యూటన్ మీటర్లు. అంటే 25 సెంటీమీటర్ల పానా చివర దాదాపు 16 కిలోల బలం. ఆఖరున లాక్‌రింగ్ కటకటమంటే భయపడొద్దు, దాని కింది గీతలు పట్టు బిగిస్తున్నాయని అర్థం. ఇంత బిగించినా క్యాసెట్ కదులుతోందంటే వాషర్ మరిచిపోయారేమో చూడండి. 11 గేర్ల షిమానో రోడ్ ఫ్రీహబ్ మీద 10 గేర్ల క్యాసెట్ పెడితే వెనుక 1.85 మిల్లీమీటర్ల వాషర్ తప్పనిసరి.

విప్పి బిగించినా కిర్రు పోలేదా? ఇరుసును, హ్యాంగర్ బోల్టును విప్పి, తుడిచి, గ్రీజు రాసి మళ్లీ బిగించండి. చాలాసార్లు అసలు దొంగ అక్కడే దొరుకుతాడు, నింద మాత్రం క్యాసెట్ మోస్తుంది.

కిరోసిన్‌తో జాగ్రత్త

హైదరాబాద్ దుమ్ములో తొక్కినా, దుబాయ్‌లో అల్ ఖుద్రా ఎడారి ట్రాక్ మీద తొక్కినా ఇసుకే పెద్ద శత్రువు. నూనె ఎక్కువైతే ఇసుక దానికే అంటుకుంటుంది. అందుకే చైన్‌కు నూనె వేశాక పైపైన మిగిలింది తుడిచేయాలి.

మన ఇళ్లలో చైన్ కడగడానికి కిరోసిన్ వాడటం అలవాటు. చక్రానికి ఉండగానే క్యాసెట్ మీద పోస్తే అది హబ్ లోపలికి దిగి బేరింగుల గ్రీజును కడిగేస్తుంది. క్యాసెట్ విప్పి పక్కన కడగడమే మేలు. డిస్క్ బ్రేకులున్న బండి మీద స్ప్రేలు అసలు కొట్టొద్దు. ఒక్క నూనె చుక్క డిస్క్‌కు అంటినా బ్రేక్ పట్టు తగ్గిపోతుంది.

ఇక షాపుకు వెళ్లాల్సి వస్తే "శబ్దం వస్తోంది భాయ్" అని ఊరుకోకండి. ఏ గేర్‌లో వస్తోంది, కూర్చుని తొక్కినప్పుడా, నిలబడినప్పుడా, ఎన్ని చుట్లకోసారి అన్నది చెప్పండి. క్యాసెట్ మార్చాలని మెకానిక్ అంటే, ముందు చైన్, హ్యాంగర్, లాక్‌రింగ్ మీ కళ్ల ముందే కొలిచి చూపించమని అడగండి. పని తెలిసిన మెకానిక్ అందుకు ఏమీ అనుకోడు.