కాగితపు బొమ్మకు నడక నేర్పుట

చలనచిత్ర విద్య యనగానే మన విద్యార్థులు హైదరాబాదు, బొంబాయి వంటి మహానగరముల వైపు చూతురు. నందికొట్కూరులో అట్టి విద్య పొసగదని తలంచుట పొరపాటు. అట్ట, కత్తెర, దారము, ఒక ఫోను ఉన్నచో తరగతి గదిలోనే నేర్పవచ్చును.

కత్తిరించిన బొమ్మను బల్లపై పరచి, పైనుండి ఫోనుతో ఒక ఛాయాచిత్రము తీయవలెను. బొమ్మను రవ్వంత జరిపి మరల తీయవలెను. ఆ చిత్రములను వరుసగా, వేగముగా చూపినచో బొమ్మ తానే కదలినట్లు తోచును. సినిమాయందు సెకనుకు 24 చిత్రములు నడచును. ఒక్కొక్క స్థితిని రెండేసి చిత్రములకు నిలిపినచో 12 స్థితులు చాలును. అయినను అర నిమిషపు చిత్రమునకు 360 స్థితులు కావలెను!

జర్మను కళాకారిణి లొట్టె రైనిగర్ 1926లో నల్లని నీడబొమ్మలతో 'రాకుమారుడు అహమ్మదు సాహసములు' అను చిత్రమును వెలువరించినది. దానికి ఆధారము మన ఉర్దూ విద్యార్థు లెరిగిన అలిఫ్ లైలా కథలే. నేడు లభ్యమగు పూర్తి నిడివి యానిమేషన్ చిత్రములలో అదియే ప్రాచీనతమము. ఆమె అవయవములను విడివిడిగా కత్తిరించి తీగెతో కీళ్లు కట్టినది. ధర్మవరము చెంత నిమ్మలకుంట కళాకారులు తోలుబొమ్మల చేతులకు దారముతో కీళ్లు కట్టుటయు ఇట్టిదే.

తొలి పాఠముగా మనిషి నడక నిచ్చుట తగదు, అది కఠినము. చేదబావి నీయవలెను. విడిచిన చేద బావిలోనికి పడునప్పుడు సమాన కాలములలో అది జారు దూరములు 1, 3, 5, 7 చొప్పున పెరుగును. నీటితో పైకి వచ్చునప్పుడు చిన్న చిన్న సమాన దూరములు చాలును. భౌతిక శాస్త్రములో బట్టీపట్టిన సూత్రము ఇచట వ్రేళ్లకు తెలియును. బొమ్మ వేయుట రాదని వెనుక బల్లపై కూర్చుండు విద్యార్థి, లెక్క తెలిసినవాడైనచో, ఈ పనిలో ముందుండగలడు. ఉపాధ్యాయుడు మాత్రము జాలిపడి తాను కత్తిరించి ఈయరాదు.

రెండవ పాఠము అక్షరములది. 'కితాబ్' అను ఉర్దూ పదము కుడినుండి కూడుకొనును; కాఫ్, తే, అలిఫ్ కలిసిపోగా బే ఒంటరిగా నిలుచును. కలిసినప్పుడు అక్షరముల రూపము మారును గనుక విడి ముక్కలను తొలగించి కలిసిన ముక్కను ఉంచవలెను. 'పుస్తకము' ఎడమనుండి వచ్చును; తవత్తు సకారము క్రిందికి ప్రాకవలెను. ఇరు మాధ్యమముల వారును ఒకే బల్లవద్ద కూర్చుండి చేయదగిన పని యిది.

ఇక చిక్కులు. పంకా తిరిగినచో కాగితము ఎగురును. మన ఎండలలో ఇది చిన్న శిక్ష కాదు! కిటికీ వెలుగు గడియ గడియకు మారుటచే చిత్రము మినుకుమినుకుమనును. కావున తెరలు వేసి విద్యుద్దీపముతోనే తీయవలెను. ఫోనును, బల్లను పని ముగియువరకు కదలింపరాదు. కళాశాల కమిటీ వారిని కోరునది ధనము కాదు; ఒక వారము తాళము వేసి ఉంచదగిన చిన్న గది. సాయంకాలము ఊడ్చువారు బల్లను అంగుళము జరిపినను, మరునాడు చేద బావి వెలుపల పడును.