పరాయి దేశం సంతలో బేరం

ఉగాది ముందు మా ఆత్మకూరు మీదుగా కన్నడ భక్తులు శ్రీశైలానికి నడిచిపోవడం మనందరం చూసేదే. వెంకటాపురం, నాగలూటి దారి పట్టేముందు ఇక్కడి అంగళ్లలో "ఎష్టు?" అని అడుగుతారు. ధర విని నవ్వి సగానికి ఇమ్మంటారు. భాష రాకపోయినా బేరం ఆగదు. మనవాళ్లు విదేశం పోయినా అంతే.

కడప వైపు నుంచి కువైట్ పోయినవాళ్లు ఎందరో. మాలో ఒకరి అమ్మ కూడా అక్కడ ఇంటిపని చేసి వచ్చింది. మొదటిసారి సెలవు మీద వచ్చేటప్పుడు ఒక దుకాణంలో కంబళి కొని, అడిగినంతా ఇచ్చేసింది. పక్క సందులో అదే కంబళి సగం ధరకే కనిపించిందట. "డబ్బు పోయినందుకు కాదురా, ఆ డబ్బుకు ఎన్ని దినాలు గిన్నెలు తోమినానో లెక్కేసుకుంటే ఏడుపొచ్చింది" అంది. ఆ మాట విన్నాకే ఈ వ్యాసం రాయాలనుకున్నాం.

కువైట్ నగరంలో ముబారకియా అనే పాత సంత ఉంది. ఖర్జూరం, అత్తరు, మసాలా దినుసులు, బంగారం అన్నీ దొరుకుతాయి. 2022 మార్చి నెలాఖరున అగ్నిప్రమాదంలో అందులో కొంత భాగం కాలిపోయింది. అరబ్బీలో "బికం?" అంటే ఎంత అని. మన రూపాయికి నూరు పైసలైతే, అక్కడి దినారుకు వెయ్యి ఫిల్సులు. కొత్తవాళ్లు తికమకపడేది ఇక్కడే. పావు దినారంటే 250 ఫిల్సులు, 25 కాదు.

కొనేముందు మూడు నాలుగు అంగళ్లు తిరిగి ధర తెలుసుకోవాలి. వస్తువు నచ్చినట్టు ముఖంలో కనపడనీయకూడదు (ఇది మాత్రం మా వల్ల కాదు). మనం చెప్పిన ధరకు అతను ఒప్పుకున్నాక వద్దనడం మర్యాద కాదు. ధర చీటీ అంటించిన పెద్ద స్టోర్లలో బేరం నడవదు. ఇవన్నీ నేర్చుకున్నాక ఆ అమ్మ రెండోసారి అలాంటి కంబళినే సగానికి తెచ్చింది.

బంగారం సంగతి వేరు. గ్రాము ధర ఏ రోజుకారోజు నిర్ణయమై ఉంటుంది. బేరమంతా మజూరీ మీదే. 22 క్యారెట్ల నగకు 916 ముద్ర చూసుకోవాలి, బిల్లు దాచుకోవాలి. ఏడాదికి మించి విదేశంలో ఉండి వచ్చేవారిలో ఆడవారు 40 గ్రాములు, మగవారు 20 గ్రాముల దాకా నగలు సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. అంతకు మించితే విమానాశ్రయంలో కట్టాల్సిందే.

అయితే అన్నిచోట్లా గీసి గీసి అడగడం మాకు నచ్చదు. నల్లమలలో చెంచులు కొండచరియలకు పట్టిన తేనెను తాళ్ల మీద దిగి తీస్తారు. శ్రీశైలం పోయినప్పుడు ఒక ముసలమ్మ దగ్గర తేనె కొంటూ బేరమాడి ఇరవై రూపాయలు తగ్గించుకున్నాం. గెలిచామనుకుని ఆ ఇరవైతో బస్టాండులో సోడాలు తాగాం. ఆ అవ్వ మాత్రం సీసా మూతకు గుడ్డ బిగించి కట్టి, "కారిపోతుంది నాయనా, నిలబెట్టి పట్టుకోండి" అని చెప్పి పంపింది.