సీసం గుండా, రాగి తొడుగా... ఏది ఫాస్ట్?

ఇంటర్ ఫిజిక్స్‌లో ఈ లెక్క చాలామంది చేసే ఉంటారు. తాడుకి ఓ చెక్కదిమ్మె వేలాడుతుంటుంది. బుల్లెట్ వచ్చి అందులో దిగబడుతుంది. దిమ్మె ఎంత ఎత్తు ఊగిందో చెప్పి, బుల్లెట్ వేగం ఎంత అని అడుగుతారు. గరివిడిలో చదువుకున్నన్నాళ్లూ ఆ బుల్లెట్‌ని దేనితో చేశారన్న డౌట్ నాకు ఒక్కసారీ రాలేదు.

ఆ డౌట్ పెట్టింది టెక్సాస్‌లో ఉన్న మా బావ. అక్కడ చాలామంది, పేల్చేసిన తూటా గుల్లలో మళ్లీ మందు పోసి, కొత్త గుండు బిగించి సొంతంగా తూటాలు తయారు చేసుకుంటారు. దాన్నే హ్యాండ్‌లోడింగ్ అంటారు. (మన దగ్గర లైసెన్సు లేకుండా ఆ పని చేస్తే ఆయుధాల చట్టం కింద నేరం. ఎవరూ ట్రై చేయకండి బాబూ!)

ఓ ఆదివారం వీడియో కాల్‌లో అడిగాడు. "ఒరే, రెండూ పిస్టల్ తూటాలే. ఒకే బరువు, ఒకే మందు. ఒకటి పోతపోసిన సీసం గుండు, రెండోది రాగి తొడుగుది. ఏది స్పీడుగా ఎల్తాదో సెప్పు."

"రాగిదే బావా, అందులో సెప్పడానికేటుంది?" అన్నాను. బిర్యానీ పందెం.

బావ క్రోనోగ్రాఫ్ ముందు పెట్టి పేల్చాడు. బుల్లెట్ వేగం కొలిచే పరికరం అది. ఒక్కో రకం ఒక్కసారే పేలిస్తే నేను ఒప్పుకోను కదా! ఒకే కోడ్ రెండుసార్లు రన్ చేస్తే రెండు టైమింగ్‌లు వచ్చే ఉద్యోగం నాది. తూటాలూ అంతే, ఒకే పెట్టెలోవే ఒకదానితో ఒకటి కలవవు. అందుకే పదేసి పేల్చి సగటు తీయమన్నాను. పెద్ద తేడా లేదు గానీ, సీసమే ముందు!

కారణం వింటే సింపులే. తుపాకీ గొట్టం లోపల మెలి తిరిగిన గాడులుంటాయి. గుండు వాటిలో ఒరుసుకుంటూ వెళ్లాలి. సీసం మెత్తన, పైగా దానికి మైనం లాంటిది పూస్తారు. రాగి గట్టిది, గాడుల్లోకి దిగడానికి ఎక్కువ బలం కావాలి. మందు శక్తిలో కొంత అక్కడే ఖర్చైపోతుంది.

మరి సైన్యాలన్నీ రాగి తొడుగుకి ఎందుకు మారాయి? ఎందుకంటే సీసం వేగానికి ఓ హద్దుంది. మా ఊరి ఫెర్రో అల్లాయ్స్ ఫ్యాక్టరీ పేరు చెప్పగానే గుర్తొచ్చే మాంగనీసు కరగాలంటే 1246 డిగ్రీలు కావాలి. సీసానికి 327 చాలు. అంత మెత్తని లోహం కాబట్టే తగరం, యాంటిమొనీ కలిపి గట్టిపరుస్తారు. అయినా సెకనుకు 600 మీటర్ల దరిదాపుల్లోకి వచ్చేసరికి మామూలు సీసం గుండు గాడుల్లో నిలవదు, గొట్టానికి పూతలా అంటుకుపోతుంది. 1884లో ఫ్రాన్స్‌లో పాల్ వియెల్ పొగరాని మందు కనిపెట్టాక ఈ తలనొప్పి బాగా పెరిగింది. దాంతో రాగి తొడుగు తప్పనిసరైంది. మొదటి ప్రపంచయుద్ధం నాటి లీ-ఎన్‌ఫీల్డ్ గుండు 740 మీటర్లు దాటింది.

ఇక ఆ చెక్కదిమ్మె లెక్క ఎవరిదో తెలుసా? బెంజమిన్ రాబిన్స్ అనే ఇంగ్లిష్ ఇంజినీరుది. గుండు ధ్వని కంటే వేగంగా పోగలదని లోలకంతో కొలిచి, 1742లో పుస్తకం రాశాడు. తర్వాత ఈస్టిండియా కంపెనీ కొలువులో చేరి మన తీరానికే వచ్చాడు. 1751లో కడలూరు దగ్గర సెయింట్ డేవిడ్ కోటలో 44 ఏళ్లకే చనిపోయాడు. మరో ఆరేళ్లకు, 1757 జనవరి 24న, మా పక్కనే బొబ్బిలి కోట మీద బుస్సీ సేన విరుచుకుపడింది. అప్పటి తుపాకుల్లో వాడిందీ ఉత్త సీసం గుళ్లే. తొడుగు రావడానికి ఇంకా వందేళ్లకు పైనే ఉంది.

"మందు పెంచి కొడితే సీసం ఏటవుద్ది?" అని బావనడిగాను. ఆ పని ఎప్పుడో చేశాడట. గుళ్లు తలో దిక్కూ పోయాయి. గొట్టంలో అంటుకున్న సీసం బ్రష్‌తో గీకడానికి ఓ పూట పట్టింది. బిర్యానీ మాత్రం సంక్రాంతికి గరివిడి వచ్చినప్పుడు తినిపించాలట. మటన్‌దే.