ఇంట్లో విమానం కట్టాలంటే ఇద్దరెందుకు కావాలి?

అమెరికాలో కొందరు ఇంటి కారు షెడ్డులోనే చిన్న విమానం తయారుచేసుకుంటారు. అందుకు కావలసిన విడిభాగాల కిట్లను కంపెనీలు అమ్ముతాయి. చాలా కిట్లలో రెక్కలు పలుచని అల్యూమినియం రేకులతో ఉంటాయి. వెల్డింగ్ చేస్తే ఆ వేడికి రేకు బలం తగ్గిపోతుంది. అందుకే వేల రివెట్లతో బిగిస్తారు.

ఎలా? ఒకరు గాలితో నడిచే సుత్తితో రివెట్ తలపై టకటకా కొడతారు. ఇంకొకరు రెక్క లోపల చెయ్యిపెట్టి, రివెట్ రెండో కొసకు ఉక్కు దిమ్మెను ఆనించి పట్టుకుంటారు. దెబ్బలకు ఆ కొస నలిగి, వెడల్పయి, రేకుల్ని వదలకుండా పట్టేస్తుంది. ఇది ఒంటిచేత్తో అయ్యే పని కాదు. అందుకే ఇంట్లోవాళ్లు, స్నేహితులు తలో చెయ్యి వేస్తారు.

సగానికి పైగా పని ఔత్సాహికులే చేసి ఉండాలన్నది అక్కడి నిబంధన. తనిఖీ అయ్యాక సాధారణంగా 25 లేదా 40 గంటలు పరీక్షగా నడపాలి. సరదా ప్రయాణాలన్నీ ఆ తర్వాతే!