చిన్న మేస్త్రీ, కూలి ప్రాణం, నష్టపరిహారం

మా పేటలో సెంట్రింగ్ కూలి ఒకతను పనిలో చనిపోయాడు. పనిలో పెట్టుకున్నది పై కులం కాంట్రాక్టరు కాదు, మా పేట మేస్త్రీయే. మాకు వరసకి బాబాయి. పెద్దల్లో కూచోబెట్టి అరవై వేలిచ్చి, ఇక ఏ సంబంధమూ లేదని తెల్లకాగితం మీద భార్యచేత వేలిముద్ర వేయించారు. ఆ కాగితం రాసిపెట్టింది మేమే. చదువుకున్నోళ్లు వేరే లేరు మరి.

ఆ కాగితం చెల్లదని అప్పుడు మాకు తెలీదు. 1923 నాటి వర్క్‌మెన్స్ కాంపెన్సేషన్ చట్టం నుంచీ అలాంటివి చెల్లవు. పని మూలంగా ప్రాణం పోతే యజమాని తప్పుందా లేదా అన్న ప్రశ్నే రాదు, పరిహారం ఇవ్వాల్సిందే. అదీ పెద్దల సమక్షంలో కాదు, కమిషనర్ దగ్గర జమ చెయ్యాలి. ఈ చట్టం 2010లో పేరు మార్చుకుంది, 2025 నవంబర్ 21 నుంచి సామాజిక భద్రతా కోడ్‌లో కలిసిపోయింది. సారం మాత్రం అదే.

లెక్క చూద్దాం. నెలజీతంలో సగాన్ని, వయసుని బట్టి షెడ్యూల్లో ఉన్న అంకెతో హెచ్చించాలి. 30 ఏళ్లకి ఆ అంకె 207.98. నెలకి 12,000 సంపాదించే మనిషైతే 6,000 ఇంటూ 207.98, అంటే 12,47,880 రూపాయలు. నెలలోపు ఇవ్వకపోతే 12 శాతం వడ్డీ. కారణం లేకుండా జాగు చేస్తే పరిహారంలో సగం దాకా జరిమానా.

బాబాయి ఇల్లమ్మినా అంత రాదు. నిన్నటిదాకా తనూ కూలోడే. ఇన్సూరెన్సు అంటే మిల్లులకీ ఫ్యాక్టరీలకీ అనుకుంటాడు.

పదిమంది, ఆపైన పనిచేసే చోట, నెలజీతం 21,000 దాటనివాళ్లకి ఇఎస్ఐ ఉంటుంది. (ఆ పథకానికి దారి వేసిన అదార్కర్ నివేదిక 1944లో వచ్చినప్పుడు వైస్రాయి కౌన్సిల్లో కార్మిక సభ్యుడు అంబేద్కరే. మనోళ్లలోనే చాలామందికి ఇది తెలీదు.) అయిదారుగురితో పని చేయించే మేస్త్రీకి మాత్రం ఎంప్లాయీస్ కాంపెన్సేషన్ పాలసీయే దిక్కు. సాధారణ బీమా కంపెనీలు అమ్ముతాయి. ఏడాదికి ఇచ్చే మొత్తం కూలి మీద, పనిలో ఉన్న ప్రమాదాన్ని బట్టి ప్రీమియం కడతారు. ప్రీమియం తగ్గుతుందని కూలి తక్కువ రాయిస్తే క్లెయిమ్ కాడ కోత పడే ప్రమాదం ఉంది. సెంట్రింగ్ పనిని మామూలు కూలిపని అని రాయించినా చిక్కే. ఆలస్యం చేసినందుకు పడే జరిమానా కంపెనీ కట్టదు, మేస్త్రీయే కట్టుకోవాలి. అందుకని ప్రమాదం జరిగిన రోజే కంపెనీకి రాతపూర్వకంగా తెలపాలి.

ఇంతకీ బాబాయి ఒక్కడే బాధ్యుడా? కాదు. బిల్డరు తన వ్యాపారంలో భాగమైన పనిని మేస్త్రీకి అప్పజెప్తే, కూలి కుటుంబం బిల్డరునే నేరుగా పరిహారం అడగొచ్చు. ఆ తర్వాత మేస్త్రీ దగ్గర రాబట్టుకోవడం బిల్డరు గొడవ. మా పెద్దల్లోకి ఆ బిల్డరు రానే లేదు. ఆయన్ని పిలవాలని ఎవరికీ తోచలేదు. మాల మాదిగ పేటల్లో చావుకి ధర మనలో మనమే కట్టుకుని సర్దుకుపోయే అలవాటు బిల్డర్లకి బాగా కలిసొచ్చింది. మురుగు గుంటల్లో చావులకి 30 లక్షలని 2023 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు చెప్పాల్సొచ్చింది. సెంట్రింగ్ కూలికి అలాంటి తీర్పు లేదు, ఈ చట్టమే ఉంది.

చావు జరిగిన రెండేళ్లలోపు అర్జీ పెట్టాలి. తగిన కారణం చూపిస్తే ఆలస్యాన్ని కమిషనర్ మన్నించొచ్చు. మాకు తెలిసేసరికి ఆరేళ్లయింది. ఆ అర్జీ కూడా మేమే రాశాం.