మీకు తెలుసా? గిడుగు, గురజాడల పేర్లతో ఓపెన్ సోర్స్ ఫాంట్లు

శ్రీకాకుళం జిల్లా పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పేరున ఒకటి, విజయనగరంలో ‘కన్యాశుల్కం’ రాసిన గురజాడ అప్పారావు పేరున మరొకటి, రెండు తెలుగు ఫాంట్లున్నాయి. సిలికానాంధ్ర వీటిని ఓపెన్ ఫాంట్ లైసెన్సుతో అందరికీ ఇచ్చింది. శుభలేఖకైనా కరపత్రానికైనా పైసా కట్టకుండా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పదిమందికీ పంచవచ్చు. ఫాంటును విడిగా అమ్ముకోవడానికి మాత్రం వీల్లేదు.

ఫాంటు కన్నా జాగ్రత్తగా ఎంచుకోవాల్సింది కీబోర్డు. ఇంట్లోవాళ్లకు పంపే కబురు, డాక్టరును అడిగే సందేహం, బ్యాంకు పాస్‌వర్డు అన్నీ దాని మీదుగానే వెళ్తాయి. ఆండ్రాయిడ్ ఫోన్లకు దొరికే ‘హెలీబోర్డ్’ అనే ఓపెన్ సోర్స్ కీబోర్డులో తెలుగు ఉంది. అది ఇంటర్నెట్ అనుమతే అడగదు. కాబట్టి మీరు కొట్టిన అక్షరాలను తనంతట తానుగా ఏ సర్వరుకూ పంపే వీల్లేదు. ఇంతకన్నా గట్టి భరోసా ఏ ప్రైవసీ పాలసీలోనూ దొరకదు!

ఇలాంటి యాప్‌లు ‘ఎఫ్-డ్రాయిడ్’ అనే యాప్ స్టోర్‌లో ఉచితంగా దొరుకుతాయి, ఖాతా తెరవక్కర్లేదు. ప్రతి యాప్ పేజీలో అది అడిగే అనుమతుల జాబితా ఉంటుంది. ప్రకటనలు చూపినా, వాడకాన్ని గమనించినా అక్కడే హెచ్చరిక కనిపిస్తుంది. ఇన్‌స్టాల్ నొక్కేముందు ఆ జాబితా చదవండి. టార్చిలైటు యాప్ మీ కాంటాక్టులు అడుగుతోందా? వదిలేయండి.